సైనికవ్యయము తగ్గిన లాభ మెవరిది?

2022 జూన్ 14వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారు ప్రకటించిన అగ్నిపథ పద్ధతి ననుసరించి సైన్యమున చేరిన మొదటి జట్లకు నాలుగేండ్ల గడువు 2026-27 సంవత్సరములలో తీరును. మొదటి యేట తీసికొనదలచిన వారి సంఖ్య 46 వేలు. అందు నూటికి 25 మందికి మించకుండ నిలుపుకొని, తక్కినవారికి వడ్డీతో కలిపి సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధి నిచ్చి ఇండ్లకు పంపవలెనని ఏర్పాటు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. ఇది పంజాబువారి చింత, హర్యానావారి చింత, మన కేమి యని షాద్‌నగరు చౌరస్తాలో నిలుచుండి ఎవరైన అడుగవచ్చును. పాలమూరు సీమ సిపాయిల సీమగా పేరుపొందినది కాదు గనుక ఆ ప్రశ్న సహజమే. ఐనను, సైన్యపు ఖర్చు పెరిగినప్పుడును తరిగినప్పుడును ఏమేమి జరుగునో రెండు వందల యేండ్లుగా అనుభవించి యెరిగిన సీమ దేశమున నేదైన నున్నచో అది మనదే. సమాధాన మా యూరి పేరులోనే యున్నది.

ముందుగా మా యభిప్రాయమును దాచక చెప్పుచున్నాము. సైనికవ్యయమును తగ్గించుటకు మేము విరోధులము కాము. 1931లో కరాచి కాంగ్రెసువారు సైన్యపు ఖర్చును కనీసము సగమునకు తగ్గింపవలెనని తీర్మానించిరి. అది పరాయి ప్రభుత్వపు సైన్యము. నేటి సైన్యము మనది. కావున ఆ తీర్మానము నక్షరాల నేడు వల్లించుట తగదు. కాని రైతు చెల్లించిన పన్నులో తుపాకికెంత, కాలువకెంత యని అడుగు హక్కు ప్రభుత్వము మారినంతమాత్రమున పోవునది కాదు. సైన్యము నిరుద్యోగులను పోషించు సత్రము కాదనియు మేమెరుగుదుము. మా ప్రశ్న వేరు. తగ్గిన రూపాయి యెక్కడికి పోవును? విడుదలయైన మనుష్యు డెక్కడికి పోవును? ఈ రెంటిని లెక్కవేయక చేసిన తగ్గింపులు మన సీమ కెట్లు పరిణమించెనో చూతము.

షాద్‌నగరు పేరు మహారాజా కిషన్ ప్రసాదునుండి వచ్చినది. ‘షాద్’ అనునది ఆయన కవితలలో వాడుకొన్న పేరు. 1901 నుండి 1912 వరకు హైదరాబాదు దివానుగా నుండిన యీయన రాజా చందూలాలు వంశమువాడు. ఆ చందూలాలు 1806 మొదలు 1843 వరకు పేష్కారుగా నుండి రాజ్యపు ధనాగారమును తన చేత నుంచుకొనెను. ఆ కాలముననే ఇంగ్లీషు రెసిడెంటు హెన్రీ రస్సెలు ప్రోద్బలమున నొక సైన్య మేర్పడెను. మొదట రస్సెలు దళమనియు, పిదప హైదరాబాదు కాంటింజెంటు అనియు దానికి పేరు. అధికారులు ఇంగ్లీషువారు, ఆజ్ఞ రెసిడెంటుది, జీతము మాత్రము నిజాముది. సాలునకు సుమారు 40 లక్షలు దానికై కావలసి వచ్చెను.

ఆ సొమ్ము యెక్కడినుండి రావలెను? తాలూకాలు వేలమునకు పోయెను. హెచ్చు పాడినవాడు ముందుగా రొక్కము చెల్లించి, పిదప గ్రామములమీద పడి దానికి రెట్టింపు రాబట్టుకొనుచుండెను. మరుసటి యేడు ఇంకొకడు హెచ్చు పాడినచో మొదటివానికి ఊడ్బాటు. కావున ఉన్న ఒక్క యేటిలోనే గడ్డి వేళ్లతో సహా పెరుకుకొనుటకు అతడు చూచుచుండెను. చెరువు కట్ట తెగినను పూడ్పించువాడు లేడు. చెరువులమీద బ్రతుకు మెట్టసీమలో కట్ట తెగుట యనగా నేమో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. దీనికి తోడు విలియం పామరు కంపెనీయను షావుకారు కొట్టు నుండి నూటికి 24 రూపాయల వరకు వడ్డీకి అప్పులు. ఆ అప్పు తీర్చుటకై 1823లో నిజాము ప్రభుత్వము ఉత్తర సర్కారులమీద తనకు సాలుసాలు రావలసిన 7 లక్షల పేష్కషు హక్కును ఒక కోటి 16 లక్షల చిల్లరకు కుంఫిణీకి శాశ్వతముగా వదలుకొనెను. కోస్తా తెలుగువారి శిస్తులో నుండి తరతరములు రావలసిన సొమ్ము, తెలంగాణా తెలుగువారి నెత్తినున్న సైన్యపు అప్పులో నొక్క యేట కరగిపోయెను. అప్పటికిని తీరలేదు. బకాయిలు మరల పెరిగి, 1853 సంధితో బీరారు, ధారాశివము, కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు దోఆబు కాంటింజెంటు జీతముల కొరకు ఇంగ్లీషువారి వశమయ్యెను. ధారాశివము, రాయచూరు 1860లో తిరిగి వచ్చినవి. బీరారు రాలేదు.

అదే సంవత్సరము, అనగా 1853లో, దివానైన సాలారు జంగు మొదట కన్నది ఖాళీ బొక్కసము. నిజాము స్వంత కొలువులోని అరబ్బు జమాదారులకు జీతములు బాకీ. బాకీ క్రింద తాలూకాలు వారికే తాకట్టు. సిపాయియే షావుకారై, షావుకారే శిస్తు వసూలుదారై కూర్చుండెను! ఆ తాకట్లను విడిపించి, వేలపు పద్ధతిని ఎత్తివేసి, జిల్లాల నేర్పరచి, జీతగాండ్రైన ఉద్యోగులను నియమించుట కాయనకు పుష్కరకాలము పట్టెను. ఈ రాజ్యమున సైనికవ్యయము నదుపులోనికి తెచ్చుటవలన రైతునకు నిజముగా మేలు కలిగిన సందర్భ మిదియొకటే యని చెప్పవచ్చును. ఏలయన, ఖర్చు తగ్గించిన చేయియే శిస్తు పద్ధతిని గూడ మార్చినది.

ఆ మేలు అన్ని భూములకు అందినదా? లేదు. పాయిగా అమీరులకు సైన్యమును పోషించుటకై విశాలములైన జాగీర్లు పూర్వ మొసగబడియుండెను. పాయిగా యను పేరునకే గుఱ్ఱపు సాల యని యర్థము. కాలక్రమమున ఆ గుఱ్ఱములు అక్కరలేకపోయెను. రౌతులు పేరునకు మిగిలిరి. కాని గుఱ్ఱముల మేతకై యిచ్చిన ఊళ్లు మాత్రము 1949 ఆగస్టు 15వ తేదీన జాగీర్లు రద్దగువరకు అమీరుల చేతిలోనే యుండెను. సైన్యము తగ్గినది, శిస్తు తగ్గలేదు; మిగులు దేవిడీలకు పోయినది. లెక్క యడుగువాడు లేనిచోట తగ్గింపు ఫలము ఎవరి యొడిలో పడునో తెలియుటకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

ఇక కిషన్ ప్రసాదు దివానుగా నున్న కాలము. 1902లో బీరారు సాలునకు 25 లక్షల కవులుకు శాశ్వతముగా ఇంగ్లీషువారికి వదలబడెను. 1903లో కాంటింజెంటు ప్రత్యేక సైన్యముగా నుండుట మాని హిందూదేశపు సైన్యమున కలిసిపోయెను. హింగోలి, మోమినాబాదు కంటోన్మెంట్లు ఖాళీయయ్యెను. దండు ఉన్న ఊరిలో గడ్డి కోయువారు, ఉలవలు సరఫరాచేయు కోమట్లు, జీనులు కుట్టువారు, పాలవారు, చాకళ్లు, అప్పులిచ్చు మార్వాడీలు ఒక బజారుగా పెరుగుదురు. రౌతునకు నెల జీతము పుట్టిన నాడు బజారులో వెలుగు. దండు కదలిన మరునాడు ఆ జీతము వేరొక ఊరిలో పుట్టును. బజారు కదలలేదు గదా! దండు మేలని మేము చెప్పుట లేదు. ఆ బజారు నడచినది మరియొకచోటి రైతు పన్నుతోనే. కాని ఆ ఊళ్ల బజారునకు ఏ కొత్త ఆధారము చూపవలెనని ఆనాడు ఆలోచించినవారెవరు?

ఇక్కడ మన జాతికంతకును జరిగిన యొక నష్టమును గూర్చి చెప్పక దాటలేము. ఉత్తరాదిని సిపాయికి ‘తిలంగా’ యను పేరు కలదు. తెలుగు సిపాయి అంత ప్రసిద్ధుడు. మద్రాసు సైన్యములో తెలుగువారి పటాలములుండెను. 19వ శతాబ్ది చివర, యుద్ధమునకు పుట్టిన జాతులు వేరు, తక్కినవి వేరు అను వింత సిద్ధాంతము ఇంగ్లీషు సేనానులలో ప్రబలి, దక్షిణాది పటాలములను, అందును తెలుగువారిని, క్రమముగా తగ్గించిరి. పేరు మిగిలినది, కొలువు పోయినది. విశాఖపట్టణము, విజయనగరము ప్రాంతములలో తరతరములుగా సిపాయి పింఛనుమీద నిలిచిన కుటుంబములకు అది యొక మూగ క్షామము. వనపర్తి రాజా రామేశ్వరరావు పోషించిన ఆఫ్రికా రౌతుల కథయు ఇటువంటిదే. వారు నిజాము కొలువున చేరి ఆఫ్రికా రౌతు గార్డులైరి. నేడు ఆ దళము లేదు, హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ అను పేట మిగిలియున్నది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము లొంగిన తరువాత జరిగిన తగ్గింపు వీటన్నింటికన్న పెద్దది. అంతకు ముందు నిజాము ప్రభుత్వము ఆయుధములకై చేసిన ఖర్చు, రైతు గాదెనుండి బలవంతపు లెవీగా తీసికొన్న ధాన్యము, రజాకార్ల దౌర్జన్యము మన పల్లెలు మరచినవి కావు. ఆ సైన్యము రద్దగుట న్యాయమే. కాని సైన్యముతో పాటు దానిమీద బ్రతికిన వేలాది కుటుంబములు, ఏ పాపము నెరుగని వారు కూడ, వీధిన పడిరి. ఆ దినములలో ముస్లిము గృహస్థులు పలుచోట్ల ప్రాణములను, ఆస్తులను కోల్పోయిరి. దీనిని చెప్పుటకు జంకుట పత్రికాధర్మము కాదు. అరబ్బులలో కొందరు సముద్రము దాటి స్వదేశమునకు పంపబడిరి. ఉన్నవారు హైదరాబాదునకు దక్షిణమున బార్కసులో నిలిచిరి. బ్యారక్సు యను మాటయే బార్కసు అయినది. ఆ సిపాయిల సంతతివారు జామతోటలను, చిల్లర వర్తకమును, పిదప గల్ఫు దేశముల కొలువులను ఆశ్రయించి తమంత తామే నిలదొక్కుకొనిరి. ప్రభుత్వము చూపిన దారి కాదది.

నాడు మిగిలిన సొమ్ము సంగతి యేమి? సామాన్యముగా, సైన్యపు భారము పోయెను గనుక ఆ మేరకు కాలువలకు, బడులకు దొరకునని జనులు తలంచిరి. జరిగినది వేరు. 1950 ఏప్రిల్ 1వ తేదీన దేశరక్షణ భారము యూనియను ప్రభుత్వమునకు పోయెను. దానితోడనే ఆదాయపు పన్నును, 1930లో రాజ్యము కొనుగోలు చేసిన రైల్వేయును యూనియనుకే పోయెను. సరిహద్దు సుంకమును గూడ క్రమముగా ఎత్తివేయవలసి వచ్చెను. ఈ మార్పువలన కలుగు లోటును కొన్ని యేండ్లపాటు కేంద్రము పూడ్చుటకు ఒప్పందమైనది. ఆ విధముగా, సైన్యపు ఖర్చు తగ్గుటవలన హైదరాబాదు బొక్కసమున మిగులవలసినది చాలమట్టుకు ఆదాయముతో పాటు తరలిపోయెను. ఐక్యభారతమునకు అది అవసరమని మేమంగీకరింతుము. కాని లాభము మనకు వచ్చినదని ఆనాటి ఉపన్యాసములలో చెప్పినంత సులభముగా జమాఖర్చు చెప్పలేదు.

ఆ చిక్కుముడి షాద్‌నగరు ప్రతినిధి చేతికే వచ్చినది విధివిలాసము. 1950లో రెవెన్యూ మంత్రియై, 1952 మార్చిలో షాద్‌నగరునుండి ఎన్నికై ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావుగారు ఈ తాలూకాలోని బూర్గుల గ్రామపు పేరు ఇంటిపేరుగా గలవారు. పాత కొలువులు పోయి కొత్త కొలువులు చాలక, ఉన్నవానికి పైవారు వచ్చుచున్నారను ఆగ్రహముతో ముల్కీ ఆందోళనము 1952 సెప్టెంబరులో రాజధానిని కుదిపినది వారి యేలుబడిలోనే. దానికి కారణములనేకము, రాజ్యమంతటను జరిగిన కొలువుల తగ్గింపు వానిలో నొకటి యని మా నమ్మకము. పల్లెలలో పని లేని పాలమూరు మనుష్యుడు మాత్రము ఆందోళనము చేయలేదు. పార భుజమున వేసికొని, ఆలుబిడ్డలతో దేశదేశముల ఆనకట్టలకు మట్టి మోయ పోయినాడు.

ఇప్పుడు నేటి లెక్కకు వత్తము. 2022-23 బడ్జెటులో దేశరక్షణకు 5 లక్షల 25 వేల కోట్లు. అందు పింఛన్లకు ఒక లక్ష 19 వేల కోట్లు. 2025-26 బడ్జెటులో మొత్తము 6 లక్షల 81 వేల కోట్లు. పింఛన్లకు ఒక లక్ష 60 వేల కోట్లు. మొత్తము తగ్గలేదు, పెరిగినది. తగ్గించుటకు పూనుకొన్నది మనుష్యుని భాగము. అదియు వెంటనే కనబడదు. 2022లో చేరిన సిపాయి పాత పద్ధతిలో నైనచో పదునైదేండ్ల కొలువు తరువాత, అనగా 2037 ప్రాంతమున, పింఛను నందుకొనవలసినవాడు. ఆ పింఛను పుట్టకపోవుట ఆనాటి పల్లెకు తెలియును. నేటి బడ్జెటు ప్రసంగమునకు తెలియదు.

ఆయుధముల రూపాయికిని పింఛను రూపాయికిని నడక వేరు. పింఛను మనుష్యుని వెంట పోవును. అతడు కొందుర్గులో నున్న కొందుర్గు అంగడిలో, కేశంపేటలో నున్న కేశంపేట విత్తనాల కొట్టులో ఖర్చగును. వానలు లేని యేట గూడ నెల మొదట తప్పక వచ్చు సొమ్ము మెట్టసీమలో అదియొకటే. ఆయుధముల రూపాయి కారఖానా యున్నచోటికే పోవును. హైదరాబాదునకు అది వచ్చుచున్న మాట నిజమే. 1970లో భారత్ డైనమిక్సు, 1973లో మిధాని, 1984లో మెదకు జిల్లా యెద్దుమైలారములో యుద్ధశకటముల కారఖానా వెలసెను. వీనివలన బాలానగరు లేతు యంత్రముల షెడ్లలో వేలమందికి పని దొరకినది. (ఇది హైదరాబాదు బాలానగరు, జడ్చర్ల దారిలో మనకు తెలిసిన బాలానగరు కాదు. ఆ రెండు బాలానగరుల భేదమే ఈ వ్యాసపు సారాంశ మనినను తప్పులేదు.) కారఖానాల సొమ్ముకు స్థిరత్వమును తక్కువే. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్సు కారఖానాల బోర్డు రద్దై 41 కారఖానాలు ఏడు కంపెనీలుగా విడిపోయెను. అప్పటినుండి ఆర్డరు వచ్చిన పని, రాకున్న ఖాళీ యను భయము ఆ కార్మికుల గృహములలో నున్నది.

2022 జూన్ 17వ తేదీన సికింద్రాబాదు రైలు స్టేషనులో జరిగినది పాఠకులు మరచియుండరు. దేహపరీక్షలలో నెగ్గి, వ్రాతపరీక్షకై ఎదురుచూచుచుండిన యువకులు, కొత్త పద్ధతి ప్రకటనతో తమ రెండేండ్ల నిరీక్షణము వ్యర్థమైనదని యెరిగి పట్టాలమీదికి వచ్చిరి. రైలు పెట్టెలు కాలెను. పోలీసు కాల్పులలో వరంగల్లు ప్రాంతపు యువకు డొకడు మరణించెను. రైళ్లను తగులబెట్టుటను మేము గర్హించితిమి, గర్హింతుము. కాని ఆ పిల్లలు వచ్చినది మెట్టసేద్యపు ఇండ్లనుండియే. మూడెకరముల చెలక, ఎండిన బోరు, ఇద్దరు కొడుకులు: ఒకడు సైన్యమునకు, ఒకడు సేద్యమునకు అను లెక్క ఆ యింటిది. సిపాయి జీతము ఆ చెలకకు కట్టిన కట్ట వంటిది.

ఇరువది యైదేండ్ల లోపు వయసున, చేతిలో పదునొకండు లక్షలతో తిరిగివచ్చువాడు షాద్‌నగరు ప్రాంతమున ఏమి చేయును? భూమి కొనగలడా? హైదరాబాదు పెరిగి రహదారి వెంట భూముల ధరలు ఎకరము కోటి దాటిన చోట్ల ఆ ప్రశ్న వేయుటయే పరిహాసము. మన భూస్వాములలో పలువురు ఆ ధరలకు మురిసి అమ్ముకొన్నవారే. ఇక మిగిలినది కొత్తూరు, నందిగామల కారఖానా గేటు దగ్గర కాపలా. కేంద్ర సాయుధ పోలీసు దళములలో నూటికి పది స్థానములు వీరికి ప్రత్యేకించునట్లు 2022లోనే కేంద్ర హోముశాఖవారు ప్రకటించిరి. మొదటి యేటి 46 వేలలో ఇంటికి వచ్చువారు 34 వేల 500 మంది. ఇది ఒక్క యేటి జట్టు మాత్రమే. ఏటేట కొత్త జట్టు వచ్చును.

కావున మేము కోరునది స్వల్పము, స్పష్టము. తిరిగివచ్చు సిపాయిల పట్టికను ప్రతి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమును ఆరు నెలలు ముందుగా ప్రకటింపవలెను. వారు సైన్యమున నేర్చిన మోటారు, తంతి, యంత్రపు పనులకు పరీక్ష పెట్టి, మన ఐ.టి.ఐ.ల యోగ్యతాపత్రముతో సమానమైన పత్రమొసగవలెను. లేనిచో కారఖానాదారు అతని తుపాకినే చూచును గాని పనితనమును చూడడు. రాయితీలతోను, ప్రభుత్వము సేకరించి యిచ్చిన రైతు భూములతోను వెలసిన కారఖానాలు ఇట్టివారికి, స్థానిక యువకులకు, కాపలాకు మించిన కొలువులలో ఎన్ని స్థానములిచ్చినవో సాలుసాలు తెలుపవలెను.

మిగిలిన సొమ్ము మాట గూడ కలదు. 2015లో ఆరంభమైన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకమున షాద్‌నగరు ప్రాంతపు లక్ష్మీదేవిపల్లి జలాశయము చేర్చబడి ఏండ్లు గడచినవి. 2016లో జిల్లాల విభజనలో షాద్‌నగరు పాలమూరునుండి విడిపోయి రంగారెడ్డి జిల్లాలో చేరినది. నీటి కొరత మాత్రము విడిపోలేదు. పింఛన్ల పద్దులో రాబోవు యేండ్లలో మిగులునని చెప్పబడుచున్న సొమ్ములో ఏ భాగము సిపాయిలను పంపిన మెట్టజిల్లాల నీటి పనులకు తిరిగి వచ్చునో ఢిల్లీలో మన ప్రతినిధులు అడుగవలెను. మహబూబునగరు లోకసభ సభ్యుడు బడ్జెటు చర్చలో లేచి ఈ యొక్క ప్రశ్న వేసినచో, చందూలాలు కాలమునుండి బాకీపడిన యొక లెక్కకు మొదటి పద్దు వ్రాసినట్లగును.